పాతర మీద పుట్ట

మా గుట్ట వాలు మీదికి నాగజెముడు ఎప్పుడు వచ్చిందో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఎవరు తెచ్చారో మాత్రం అందరికీ తెలుసు. ఎవరిని అడిగినా తనకు పడనివాడి తాత పేరు చెప్పేవాడు. నాకు తెలివి వచ్చేటప్పటికే అది సగం గుట్టను మింగేసింది. అరచేయంత మట్ట ఒకటి తెగి పడితే చాలు, రాయి మీద పడినా సరే, అక్కడే వేరు దింపి కాపురం పెట్టేది. మేకలు తినవు, ఎద్దులు తొక్కవు, ఎండకు చావదు. మా మేనమామల్లాగా ఒకసారి వచ్చిందంటే కదలదని నేనంటే, తన తమ్ముళ్ళను అన్నందుకు మా అవ్వ బతికి ఉన్న రోజుల్లో గరిటె పట్టుకుని వెంటపడేది.

ఆ గుట్ట ఇబ్రహీంపట్నం పెద్ద చెరువులోకి నీళ్ళు దిగే వాగుకు పైన ఉంటుంది. వాలు మా పట్టాలోదే. కింద కాస్త దున్నే చెలక, కొసన బండలు, నడుమ అంతా జెముడు. నిలబడితే కాలు జారేంత వాలు. దాన్ని మా ఇంట్లో తిట్టని రోజు ఉండేది కాదు. యుద్ధం వచ్చి, సర్కారు లెవీ ధాన్యం కొలుచుకోవడం మొదలయ్యాక మా తిట్లు తగ్గాయి. పంట ఎంత పండినా ముందు సర్కారు కొలత పోవాలి, ఆ తర్వాత మిగిలిందే మనది. ఒక్కో ఏడు ఆ మిగిలింది పిచ్చుకలకు చూపించడానికి సిగ్గయ్యేంత ఉండేది. ఇంట్లో దాచుకుందామంటే గుమ్ముల్లో చేతులు పెట్టి చూసేవాళ్ళు, అటుకెక్కి చూసేవాళ్ళు.

అందుకని ఆ ఏడు మా బాపు జొన్నలను గుట్ట మీద పాతర పెట్టాడు. పాతర పెట్టడం మాకు కొత్త కాదు. నేలలో గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు పోసి, పైన మళ్ళీ గడ్డి కప్పి, మట్టీ పేడా కలిపి మూత మెత్తితే ఎన్నాళ్ళైనా గింజ చెడదు. కొత్త ఏమిటంటే చోటు. అడవి పందులు జెముడు కిందుగా చేసుకున్న దారిలో నేనూ అన్నా పొట్టమీద పాకుతూ పోయి, వాలు పైభాగంలో, గట్టి మొరం నేలలో తవ్వాము. అక్కడ వాన నీళ్ళు నిలవవు. వెనక్కి వస్తూ దారి పొడుగునా మట్టలు విసిరేసి వచ్చాము. కొద్ది రోజులకే అవి వేరు దింపి లేచాయి. తనంతట తానే పెరిగే తలుపు లోకంలో మా ఒక్కరికే ఉందని నేను మురిసిపోయాను. బాపు మాత్రం తలుపు గురించి ఎక్కడా నోరు విప్పొద్దని నా చెవి మెలిపెట్టాడు. అప్పటికి నాకు మీసాలు వచ్చాయి. అయినా మెలిపెట్టాడు.

ఆ పాతరలో ఉన్నవి వానకాలమంతా మేం తినాల్సిన జొన్నలు. ఇంట్లో బాపు, అన్న, వదినె, నేను, వదినె ఇద్దరు పిల్లలు. పెద్దదానికి పళ్ళొచ్చాయి, చిన్నవాడు ఇంకా చంటివాడే. వదినె కడుపుకు ఇంత పడకపోతే వాడికి పాలుండవు. కిందటేడు పాలు ఎండిపోయి పెద్దది ఎలా అయిపోయిందో మేమందరం చూశాము. అందుకే ఆ గొయ్యి సంగతి మా ఇంట్లో వదినెకు పట్టినంతగా ఎవరికీ పట్టలేదు.

ఎండలు ముదిరాక సర్కారు భూముల లెక్క చూసే గిర్దావరు వచ్చాడు. మంచివాడే, గొంతు పెద్దది కాదు. సైకిలు దిగి, చెమట తుడుచుకుని, తిండిగింజలకు కరువుగా ఉంది కాబట్టి పడావు పడ్డ నేలలన్నీ సాగులోకి రావాలని పైనుంచి హుకుం వచ్చిందని చెప్పాడు. మిరుగు కార్తె వానలు పడే లోపల గుట్ట మీది జెముడంతా తీసేసి జొన్న చల్లాలట. ఇంటికి ఒక మనిషి చొప్పున ఊరంతా వచ్చి చేయాలట. పండిన గింజ మళ్ళీ ఎక్కడికి పోతుందో నాకు తెలుసు కాబట్టి, జెముడునే కొలుచుకుపోతే సర్కారుకూ మాకూ ఇద్దరికీ సుఖం కదా అని అడగబోయాను. బాపు నా కాలు తొక్కాడు.

జెముడు తీయడం మామూలు కలుపు తీయడంలాంటిది కాదు. పొడుగాటి వెదురుకు కొడవలి కట్టి దూరం నుంచి నరకాలి. తెగిన మట్టను పంగల కర్రతో ఎత్తి గంపలో వేయాలి. చేత్తో ముట్టకూడదు. పెద్ద ముల్లు కుచ్చుకుంటే తెలుస్తుంది, తీసేయొచ్చు. మట్ట మీద నూగులా ఉండే సన్నముళ్ళు కంటికి కనపడవు, తోలులోకి దిగి రోజుల తరబడి సలుపుతాయి. కాళ్ళకు గోనె చుట్టుకుని, చేతులకు ఆముదం రాసుకుని దిగేవాళ్ళం. తెగినదాన్ని కాలబెడదామంటే నీళ్ళతో నిండిన ఒళ్ళు, మంట అంటుకోదు. కిందికి దొర్లిస్తే పడ్డచోటల్లా మొలుస్తుంది. లోతుగా గొయ్యి తీసి పూడ్చి, పైన బండలు పెట్టాలి. వాలు మీద బండ నిలవదు. ఒకడు నరికితే ఇద్దరు మోయాలి, ముగ్గురు జారాలి.

పై నుంచి కిందికి నరుకుతూ రావడం సులువని అందరూ అన్నారు. బాపు ఒప్పుకోలేదు. మట్టలు దొర్లి చెలకలో పడతాయి, కింది నుంచి పైకి పోదామన్నాడు. ఆ మాటలో నిజం ఉంది కాబట్టి ఊరు తల ఊపింది. పైభాగంలో ఏముందో ఊరికి తెలియదు. కింది నుంచి మొదలుపెడితే పాతర దాకా చేరేసరికి మిరుగు ముంచుకొస్తుంది, వాన పడితే పని ఆగిపోతుంది. అదీ బాపు లెక్క. ఆ లెక్క కుదరాలంటే పని మెల్లగా జరగాలి. మొదటిరోజు పొద్దున బాపు నన్ను దొడ్లోకి పిలిచాడు.

"ఎన్నడన్న నీ నోరు పనికొచ్చిందారా? ఇప్పుడొస్తది. మాట్లాడు. ఆళ్ళ కొడవండ్లు ఆగెటట్టు మాట్లాడు."

నా బతుకులో బాపు నన్ను మాట్లాడమన్నది ఆ ఒక్కసారే. మూడో జమాతులో ఉర్దూ పంతులు నా నోటికి దండం పెట్టి ఇంటికి పంపిన రోజు నుంచీ అందరూ నోరు మూసుకోమన్నవాళ్ళే. ఇక నేను విజృంభించాను. పటేలు మీసాల మీద, యాచారం నుంచి ఇల్లరికం వచ్చినవాడి నిద్ర మీద, పట్నంలో టాంగా ఎక్కి కూడా మూట నెత్తిన పెట్టుకుని కూచున్న మా ఊరి పెద్దమనిషి మీద, ఎవరినీ వదల్లేదు. ఒక్కో కథకు కొడవళ్ళన్నీ ఆగేవి. నవ్వుతూ ఒకడు వాలు మీద కూచుండిపోతే మరొకడు బీడీ వెలిగించేవాడు. మా అన్న ఒక్కడే నవ్వేవాడు కాదు. ఆయన ఏది అడిగినా "అవ్" అనడం తప్ప రెండో మాట ఖర్చు పెట్టని మనిషి. ఒకనాడు నా పక్కకు వచ్చి, నా కథలు అయిపోకముందే జెముడు అయిపోయేట్టుందని మాత్రం అన్నాడు. నిజమే. నేను ఎంత వాగినా నరికిన అంచు రోజుకింత పైకి పోతూనే ఉంది. మిరుగు మాత్రం ఆ ఏడు అలిగి ఆలస్యం చేసింది.

నరికేవాళ్ళు పాతరకు కేకేస్తే వినపడేంత దగ్గరికి వచ్చేశారు. ఆ రోజు గిర్దావరు కూడా వచ్చి గొడుగు వేసుకుని నిలబడ్డాడు. అందరికీ అంబలి తెచ్చిన వదినె కుండ దించి, చెంగు నడుముకు దోపుకుని, పందుల దారిలోకి వంగి పోయింది. ఎందుకు పోతున్నదో మాకెవరికీ తెలియదు. కాసేపటికి ఆమె గొంతు లోపలి నుంచి వినబడింది. కేక కాదు, మామూలుగానే.

"ఎవ్వరు కొడవలి ఎయ్యకుండ్రి. ఈడ నాగన్న ఉన్నడు."

గిర్దావరు అడ్డంగా ఉన్న రెండు పొదలు నరికించి చూస్తే వదినె చేతులు జోడించి కూచుని ఉంది. ఎదురుగా మా పాతర. మేం మెత్తిన మూత ఎండకు పగిలి, చెదలు మట్టి పెట్టి, ఇంత ఎత్తున లేచి ఉంది. తెలియనివాడు చూస్తే పుట్టే. దాని మీద తెల్లగా కుబుసం ఒకటి వేలాడుతూ ఉంది. ఆ జెముడులో కుబుసాలకు కొదవ లేదు, ఎక్కడో దొరికినదాన్ని తెచ్చి పెట్టింది. నుదుటి బొట్టు తీసి మట్టికి పెట్టింది కూడా.

కొడవళ్ళు దిగిపోయాయి. ఇల్లరికపాయన చెప్పులు విడిచాడు. అందరూ గిర్దావరు వైపు చూశారు. ఆయన ఒకసారి పుట్టను, ఒకసారి వాళ్ళ మొహాలను చూసి, ఆ నాలుగు పొదలతో సర్కారుకు వచ్చే నష్టం లేదని, చుట్టూ వలయంగా వదిలేసి మిగతాది కానివ్వమని ఉర్దూలో చెప్పాడు. దాన్ని తెలుగులో అందరికీ చెప్పే పని నాకు పడింది. నాగన్నకు సర్కారు పట్టా ఇచ్చిందని చెప్పాను. గిర్దావరు కూడా నవ్వాడు. వదినె నవ్వలేదు. కుండ దగ్గరికి పోయి అందరికీ అంబలి పోసింది.

గుట్టంతా బోడి అయింది. నడుమ ఆ వలయం ఒక్కటే పచ్చగా, గుండు గీసి పిలక వదిలినట్టు మిగిలింది. మా పని అయిపోయిందని, ఇక మెల్లగా వెళ్ళి జొన్నలు తెచ్చుకోవడమేనని నేను అనుకున్నాను. మా ఊరి ఆడవాళ్ళ సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు.

మొదటి శుక్రవారమే ముగ్గురు వచ్చారు, పసుపూ పాలూ పట్టుకుని. మరుసటి శుక్రవారానికి బొంగులూరు నుంచి కూడా వచ్చారు. మంగళవారాలు కలిశాయి. పుట్టకు కన్ను లేదని ఒక ముసలమ్మ కర్రతో పొడిచి పొడిచి బెజ్జం చేసింది. పుట్టకు కన్ను లేకపోతే పాలు నాగన్నకు ఎట్లా అందుతాయి? అందరూ ఆ బెజ్జంలోనే పోశారు. పాలు లేనివాళ్ళు నీళ్ళలో పసుపు కలిపి పోశారు. మొక్కులు పెద్దవైనకొద్దీ బిందెలు పెద్దవయ్యాయి. ఎప్పుడు చూసినా అక్కడ ఎవరో ఒకరు ఉండేవారు. పొద్దున వీళ్ళు, సాయంత్రం ఆవుల్ని మళ్ళించేవాళ్ళు, రాత్రి మొక్కు ఉండి అక్కడే పడుకునేవాళ్ళు. గంప పట్టుకుని పాతర దగ్గరికి పోయే సందు మాకు దొరకలేదు.

ఇంట్లో గుమ్మి అడుగు కనపడింది. ఆషాఢంలో వదినె జొన్నరవ్వ గటకలో గట్ల మీది గునుగు ఆకు కలిపింది. తర్వాత గునుగు ఆకులో గటక కలిపింది. తర్వాత ఉత్త ఆకు. రుచి బాగానే ఉందని, ఇంకొన్నాళ్ళు ఇట్లాగే పెడితే ఎద్దు కొట్టంలో నాకూ ఒక గుంజ పాతమని అన్నాను. ఎవరూ నవ్వలేదు. చిన్నవాడు రొమ్ము నోట్లో పెట్టుకుని గుంజి గుంజి, విడిచి ఏడ్చేవాడు. వదినె వాణ్ని భుజం మార్చి భుజం ఎత్తుకుని వాకిట్లో తిరిగేది.

ఇక తెచ్చుకుందామని అన్న అన్నాడు. ఆయన నోట అంత పొడుగు మాట వచ్చిందంటే అవసరం ఎంతో అర్థం చేసుకోవచ్చు. బాపు వద్దన్నాడు. జనం చూస్తారని కాబోలు అనుకున్నాము. కాదు. నాగుల పంచమి నాడు ఊరంతా గుట్టెక్కినప్పుడు బాపు కూడా చెంబుతో పాలు పట్టుకుని ఎక్కాడు. ఎవరికీ అనుమానం రాకుండా నటిస్తున్నాడని నేను లోపల్లోపల మెచ్చుకున్నాను. ఆయన మోకాళ్ళ మీద కూచుని, కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ ఎంతసేపటికీ లేవలేదు. నేను మెచ్చుకోవడం మానేశాను. నటించే మనిషి అంతసేపు మోకాళ్ళ మీద ఉండడు.

ఆ పండుగ అయిన కొన్నాళ్ళకు పుట్ట కన్నులోంచి మొలకలు లేచాయి. పచ్చగా, గుబురుగా. పాలు పోసిన పుణ్యానికి నాగన్న పచ్చని చూపు చూశాడని ఆడవాళ్ళు ఒకరికొకరు చెప్పుకుని దండాలు పెట్టారు. ఒకామె ఆ ఆకు తుంచి కొడుకు చెవిలో పెట్టింది. మా వదినె పాలచెంబు చేతిలో పట్టుకుని గుంపు వెనక నిలబడి ఉంది. జొన్నాకును గుర్తుపట్టడానికి ఆమెకు దగ్గరికి పోనక్కరలేదు. పాతర లోపల గింజ తడిసి మొలకెత్తుతోంది. మొలకెత్తనిది కుళ్ళుతోంది. పోసే ప్రతి చెంబూ మా పిల్లల నోటి కాడి కూడు మీద పడుతోంది. ఆ దేవుణ్ని నిలబెట్టింది ఆమే. ఇప్పుడు కాదని చెబితే లెవీ వాళ్ళు గొయ్యి తవ్వుతారు, ఊరు మొహాన ఉమ్మేస్తుంది.

ఆ మధ్యాహ్నం ఇంటికి రాగానే వదినె చెంబు గడప మీద పెట్టి, బాపు ముందు నిలబడింది. మామ ముందు గొంతెత్తి మాట్లాడిన మనిషి కాదు. ఆ రోజూ ఎత్తలేదు.

"మామా, గది పుట్ట గాదు. మన పాతర. మీరు తవ్విపిచ్చిందే."

"తవ్వినప్పుడు పాతరనే బిడ్డా. ఇప్పుడు గాదు," అన్నాడు బాపు. "గంతమంది మొక్కినంక అది మనది గాదు."

"మొలిసింది జొన్న మామా. నేను చూసిన."

"ఏదన్న గానీ."

"ఆ కుబుసం నేనే పెట్టిన. దండం నేనే పెట్టిన. నాగన్నను పిలిసింది నేనే గద."

"పిలిసినవ్. వచ్చిండు," అన్నాడు బాపు.

వదినె లోపలి గది వైపు చూసింది. లోపల చిన్నవాడు ఏడుస్తున్నాడు. పెద్దగా కూడా కాదు, అలసిపోయిన ఏడుపు.

"మరి పోరగాండ్లు ఎవరోళ్ళు మామా?" అంది. "ఆళ్ళన్న మనోళ్ళేనా?"

బాపు లేచి వాకిట్లోకి పోయాడు. నేను వెనకే పోయి, ఊళ్ళోవాళ్ళకు నేను చెబుతానన్నాను. నాగన్న బాటసింగారం వైపు వెళ్ళిపోయాడని, నా కళ్ళతో చూశానని చెప్పేస్తానన్నాను. బాపు నా మొహంలోకి చూశాడు.

"నువ్ జెప్తె నవ్వుతరు," అన్నాడు.

తిట్టినట్టు కాదు, ఉన్నమాట చెప్పినట్టే అన్నాడు. అది నాకు చెవి మెలిపెట్టినదానికంటే గట్టిగా తగిలింది. ఎండకాలమంతా కొడవళ్ళు ఆపిన నోరు ఇప్పుడు ఒక్క చెంబును కూడా ఆపలేదు. ఊళ్ళో మాటకు బరువున్న మనిషి మా ఇంట్లో ఒక్కడే. ఆ మనిషి ఆ దేవుణ్ని నమ్ముతున్నాడు.

శుక్రవారం పొద్దున బాపు స్నానం చేసి, ఎవరితో మాట్లాడకుండా, వెదురు కొడవలి భుజాన వేసుకుని గుట్ట వైపు నడిచాడు. అన్నా నేనూ గంపలు, పారలు పట్టుకుని వెంట పోయాము. అప్పటికే ఆడవాళ్ళు వచ్చి ఉన్నారు. బాపు వాళ్ళ ముందు నిలబడి, నాగన్న తనకు కలలో కనిపించి, పుట్టలో తడి ఎక్కువైంది, ఉండలేను, వాగు అవతలి రావి చెట్టు కింది పుట్టకు పోతున్నాను, ఈ జాగ చదును చేయమని చెప్పాడని అన్నాడు. మా బాపు అబద్ధమాడటం నేను అంతకుముందు వినలేదు. మాట తడబడలేదు. కానీ మాట్లాడుతున్నంతసేపూ కుడిచేయి ధోతి అంచును నలుపుతూనే ఉంది. ఒక ముసలమ్మ మాత్రం, పోయేటప్పుడు కుబుసం ఎందుకు వదిలిపోయాడని అడిగింది. బాపు ఆ కుబుసాన్ని రెండు చేతులా తీసి ఆమె పళ్ళెంలో పెట్టి, ఆ పుట్ట కాడికి తీసుకుపొమ్మన్నాడు. ఆమె నెత్తిన పెట్టుకుని బయల్దేరింది. మిగతావాళ్ళు పాలతో ఆమె వెంట వాలు దిగిపోయారు.

వాళ్ళు వాగు దాటేదాకా బాపు కదల్లేదు. తర్వాత కొడవలి ఎత్తి మొదటి మట్ట తానే నరికాడు. ఆముదం రాసుకోలేదు. గోనె చుట్టుకోలేదు. పంగల కర్ర ఇవ్వబోతే తీసుకోలేదు. తెగిన మట్టలను చేతులతో ఎత్తి గంపలో వేశాడు. నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు. అన్న నన్ను ఆగమని తల ఊపాడు.

పాతర మూత తీసి, లోపలి చెడుగాలి పోయేదాకా ఆగి, దిగాము. కన్ను పొడిచిన వైపంతా నల్లగా, ముద్దగా, పుల్లటి కంపు. పారతో తీసి పక్కన వేస్తూ ఉంటే అడుగున, కింది వాలు వైపు, గడ్డి ఇంకా పొడిగా తగిలింది. చేయి పెడితే గింజ గలగలమంది. సగం లేదు, సగానికి తక్కువే. గంప అడుగున జొన్నలు, పైన జెముడు మట్టలు పేర్చి మోసుకుపోయాము. దారిలో పటేలు మనిషి ఎదురైనా ముళ్ళు చూసి తానే పక్కకు తప్పుకున్నాడు. గొయ్యి ఖాళీ అయ్యాక మిగిలిన జెముడంతా అందులోనే వేసి, కుళ్ళిన జొన్నలు పైన పోసి, బండలు పెట్టి పూడ్చాము. గుట్ట మీద ఇక ఒక్క మట్ట కూడా మిగల్లేదు.

ఆ సాయంత్రం వదినె రొట్టెలు చేసింది. చాలా రోజులకు ఇంట్లో జొన్నపిండి కాలిన వాసన వచ్చింది. పెద్దది పెనం దగ్గరి నుంచి కదలనంది. బాపు గోడకు ఆనుకుని కూచున్నాడు. అరచేతులు రెండూ ఉబ్బి, వేళ్ళు మడతపడటం లేదు. దీపం దగ్గరగా పెట్టి చూస్తే తోలంతా సన్నముళ్ళ నూగు. వదినె సూదీ, ఆముదం గిన్నే తెచ్చి పక్కన కూచుంది.

"చెయ్యి ఇటియ్యి మామా. తీస్త."

"ఉండనియ్ బిడ్డా," అన్నాడు బాపు. చేతులు ఒళ్ళోకి లాక్కున్నాడు.

ఆమె సూది పట్టుకుని అట్లాగే కూచుంది. ఆయన మనసు తేలిక చేద్దామని నేను, అక్కడ నాగన్న ఎవరూ లేడని, వదినె పెట్టిన కుబుసం ఎక్కడో దొరికిన మామూలు పాముదేనని, పాతరలో గింజలకు ఎలుకలు వస్తే ఎలుకలకు పాము వచ్చి ఉంటుందని, అందులో వింత ఏముందని అన్నాను.

బాపు తన అరచేతుల వంక చూసుకున్నాడు.

"అయితే ఒక పాము ఉన్నట్టే గదరా," అన్నాడు. "దాని ఇల్లే గద మనం కూలగొట్టింది."

వదినె రొట్టెను చిన్న చిన్న ముక్కలుగా తుంచి, వేడినీళ్ళలో నానబెట్టి, పళ్ళెం ఆయన మోకాలి దగ్గరికి జరిపింది. పెద్దది నడిచి వచ్చి అందులోంచి ఒక ముక్క తీసి ముందు తన నోట్లో పెట్టుకుంది, రెండోది తీసి తాత నోటికి అందించింది. ఆయన నోరు తెరిచాడు. చేతులు మాత్రం ఒళ్ళోనే, వెల్లకిలా, ఎవరికీ అందకుండా పెట్టుకుని ఉన్నాడు.